పెద్దపేగు క్యాన్సర్ రిపోర్టులో నాలుగు డీఎన్‌ఏ మరమ్మతు ప్రొటీన్ల ఫలితం ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడికి 44వ ఏట గుంటూరులో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. మా నాన్నగారు యాభై నిండకముందే ఇదే జబ్బుతో పోయారని చెప్పినా ఆసుపత్రిలో ఎవరూ పట్టించుకోలేదు. పాథాలజీ రిపోర్టులో కణితి కొలత, లింఫ్ గ్రంథుల లెక్క ఉన్నాయి గాని డీఎన్‌ఏ మరమ్మతు ప్రొటీన్ల ఊసే లేదు. రెండో దశ (లింఫ్ గ్రంథులకు పాకని దశ) అని చెప్పి మాత్రల కీమో మొదలుపెట్టారు. మూడో నెలలో విజయవాడలో మరో డాక్టరుగారికి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఆ ప్రొటీన్ల గురించే.

కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునేటప్పుడు దొర్లే తప్పులను ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే ప్రొటీన్లు పట్టి సరిదిద్దుతాయి. ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించినందుకే అమెరికా శాస్త్రవేత్త పాల్ మోడ్రిచ్ 2015 రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం పంచుకున్నారు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం కణితుల్లో ఈ మరమ్మతు పనిచేయదు. తప్పులు పేరుకుపోయిన అలాంటి కణితిలో వింత ప్రొటీన్లు తయారై, శరీర రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపడుతుంది. అందువల్లే రెండో దశలో ఇలాంటివారికి జబ్బు తిరగబెట్టడం తక్కువ. మా తమ్ముడు మింగిన రకం మాత్రల కీమో ఒక్కటే ఇచ్చినందువల్ల వారికి ఒనగూడే మేలు కనబడలేదు. జబ్బు ఇతర అవయవాలకు పాకితే మాత్రం ఈ లోపం మంచి సూచన అనుకోవడానికి లేదు, అయితే అప్పుడు పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ (శరీర రక్షణ వ్యవస్థే క్యాన్సర్‌పై పోరాడేలా చేసే మందు) బాగా పనిచేసే అవకాశం ఉంది. అమెరికాలో 2020లో దానికి తొలి చికిత్సగానే అనుమతి లభించింది.

ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను ల్యాబులో దాచిన మైనపు దిమ్మ తెప్పించి పరీక్షిస్తే తమ్ముడి కణితిలో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 రెండూ కనబడలేదు. రక్త పరీక్షలో అది వంశపారంపర్యంగా వచ్చి, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్ అని తేలింది. ఎంఎల్‌హెచ్1 లోపిస్తే అది చాలాసార్లు వారసత్వం కాకపోవచ్చు, దాన్ని వేరే పరీక్షలతో నిర్ధారించుకోవాలి. మా ఇంట్లో మాత్రం సందేహం మిగల్లేదు. నాకు ఆ లోపం రాలేదు, మా చెల్లెలికి వచ్చింది. ఆమెకు కొలనోస్కోపీలో (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షలో) కనబడిన చిన్న పాలిప్‌ను, అంటే పేగు గోడ మీది బుడిపెను, అక్కడికక్కడే తీసేశారు. తమ్ముడి పిల్లలిద్దరిలో ఒక్కొక్కరికీ ఆ లోపం వచ్చి ఉండే అవకాశం సగం ఉంది.

తమ్ముడు అరికాళ్లు పగిలి, నోరు పూసి పడ్డ ఆ మూడు నెలల బాధ ఒక్క పరీక్షతో తప్పేదేమోనని నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌కు డబ్బు చెల్లించేది ప్రభుత్వ పథకమైనా, ప్రైవేటు బీమా అయినా, ఈ నాలుగు ప్రొటీన్ల ఫలితం లేనిదే రిపోర్టు పూర్తయినట్టు లెక్కించకూడదని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. ఇప్పటికే ఆపరేషన్ అయినవారు తమ రిపోర్టు మీద ఉన్న బ్లాక్ నంబరును (మైనపు దిమ్మ సంఖ్యను) భద్రపరచుకుని, ఆ మైనపు దిమ్మ మీద ఈ పరీక్ష చేయించమని తమ డాక్టరుగారిని అడగాలని మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు