తిలంగాలను కొట్టేసిన లెక్క ఇంకా నడుస్తోంది, మంత్రి గారూ

రక్షణ మంత్రి గారికి నమస్కారం.

సైన్యంలో వలసకాలపు గుర్తులు తీసేస్తున్నామని మీ శాఖ చెబుతోంది, మంచిదే. కానీ పేర్లూ బ్యాండు ట్యూన్లూ మార్చడం తేలిక. నేనడిగేది రిక్రూట్‌మెంట్ గురించి, అంటే ఏ ప్రాంతం, ఏ వర్గం వాళ్లను ఏ రెజిమెంట్లో తీసుకోవాలన్న పాత లెక్క గురించి.

ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు. తొలిరోజుల్లో తెల్లవాళ్ల కొలువులో చేరిన సిపాయిల్లో మన తెలుగువాళ్లుండటంతో పడిన పేరది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్ సిపాయిల్ని కూడా జనం తిలంగాలనే అన్నారు, వాళ్లలో తెలుగు ముక్క వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేదో మరి!

ఆ తిరుగుబాటు అణిగాక బ్రిటిష్‌వాళ్లు సైన్యాన్ని మళ్లీ కట్టారు. సైన్యాన్ని ఎలా కట్టాలో చెప్పడానికి వేసిన పీల్ కమిషన్ లెక్క కట్టింది: బెంగాల్లో ఇద్దరు సిపాయిలకు ఒక తెల్ల సైనికుడు, మద్రాసు, బొంబాయిల్లో ముగ్గురికి ఒకడు. కొండ ప్రాంతాల చిన్న ఫిరంగులు తప్ప మిగతా ఫిరంగిదళం దాదాపు అంతా తెల్లవాళ్ల చేతికే పోయింది. తుపాకులదీ అదే వరస. రెండో ఆఫ్ఘన్ యుద్ధంలో తెల్ల సైనికుడు కొత్తరకం మార్టిని-హెన్రీ తుపాకీ మీట కిందికి లాగితే ఖాళీ తూటా దానంతటదే బయటపడేది, పక్కనున్న మన సిపాయి మాత్రం పాతరకం స్నైడర్ తుపాకీ మూత పక్కకు తీసి, తూటా వెనక్కి లాగి, తుపాకీ బోర్లించి దులపాలి, ఆ తర్వాతే ఇంకోటి పెట్టుకోవాలి. కావాలనే ఒక తరం వెనక ఉంచారు.

తర్వాత బ్రిటిష్ సేనాని రాబర్ట్స్ వచ్చాడు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. వాయవ్య సరిహద్దు మీదికి రష్యా వస్తుందేమోనన్న టెన్షన్ ఒకటి, దక్షిణాదివాడు యుద్ధానికి పనికిరాడన్న నమ్మకం ఒకటి. కొన్ని జాతులవాళ్లే యుద్ధానికి పుట్టారనే యుద్ధజాతుల సిద్ధాంతం అలా బలపడింది. 1902లో భారత సైన్యాధిపతిగా వచ్చిన కిచెనర్ డివిజన్లు కూర్చి, రెజిమెంట్లకు కొత్త నంబర్లిచ్చి ఆధునికీకరణ అన్నాడు, నిజానికి పని బాగానే చేశాడు, ఒప్పుకోవాలి. కానీ పంజాబీలు, గూర్ఖాలు పెరుగుతూ పోయారు, మద్రాసు పటాలాలు తరుగుతూ వచ్చాయి. ముప్పై ఏళ్ల సర్వీసున్న మన సుబేదార్ మేజర్ కూడా నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల కుర్ర ఆఫీసరుకి సెల్యూట్ కొట్టాల్సిందే. 1920ల్లో మద్రాసు పదాతిదళం దాదాపు ఖాళీ అయింది, దారులూ వంతెనలూ కట్టే సాపర్లు మిగిలారు. రెండో ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక మద్రాస్ రెజిమెంటును మళ్లీ లేపారు. పనికిరానివాళ్లు అంతలోనే వీరులైపోయారన్నమాట!

స్వతంత్రం వచ్చాక అన్ని వర్గాలవాళ్లతో బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌ను మనమే కట్టాం. 2022లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు ‘ఆలిండియా ఆల్ క్లాస్’ పద్ధతి, అంటే ఏ ప్రాంతం, ఏ వర్గం వాళ్లనైనా ఏ రెజిమెంట్లోనైనా తీసుకునే పద్ధతి తెస్తామని మీ శాఖే చెప్పింది. ఒకే భాష, ఒకే ప్రాంతం వాళ్లు కలిసి ఉంటే పోరాట బలం ఎక్కువన్న వాదన నాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయను. కానీ ఎవరు ఏ రెజిమెంటుకు పనికొస్తారన్న పట్టిక రాసింది ఆ అనుమానపు కాలంలోనే కదా.

అడిగేవి రెండే. ఏ రెజిమెంట్లో ఈ మార్పు ఎంతవరకు వచ్చిందో, పూర్తిగా ఎప్పటికి వస్తుందో తేదీతో సహా పార్లమెంటులో చెప్పండి. తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటు సెంటర్ ఉంది కదా, ఆ పాత మద్రాసు పటాలాలను ఏ కారణం చెప్పి తీసేశారో అక్కడ ఒక బోర్డు మీద రాయించండి, తెలుగులో కూడా.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు