నోరు పెగలక ఆ రోజు చెప్పలేకపోయిన కృతజ్ఞతలు

నిన్ననే నా చిగుళ్ల కుట్లు విప్పారు. ఇంకా ఒక పక్కనే నములుతున్నాను, కంటినిండా నిద్రపోయి పది రోజులైంది. అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి ఇంకా ఆలస్యం చేయాలనిపించలేదు.

కింది దవడలో కుడివైపు పళ్ల చుట్టూ చిగురుకూ పంటికీ మధ్య ఆరేడు మిల్లీమీటర్ల లోతున పాకెట్లు ఏర్పడ్డాయనీ, ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లలో ఆ లోతు 3 మిల్లీమీటర్లు దాటదనీ, స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (పళ్లనూ, చిగురు కింది వేళ్లనూ గీకి శుభ్రం చేయడం) అయిన ఆరు వారాలకు కూడా తగ్గలేదు కనుక ఫ్లాప్ సర్జరీ తప్పదనీ డాక్టరుగారు చెప్పారు. చిగురును కోసి, పంటి నుంచి పక్కకు తీసి, వేరుకు పట్టిన గారను కంటితో చూస్తూ తొలగించి, మళ్లీ కుట్టారు. మత్తు ఇంజెక్షన్ వల్ల నొప్పి తెలియలేదు గానీ, గీకుతున్న చప్పుడు మాత్రం తలలో మోగుతూనే ఉంది.

బయటికి వచ్చి కూర్చున్నాక చేతులు వణకడం మొదలైంది. మావారు మందులు తేవడానికి వెళ్లారు. చెంప మొద్దుబారి ఉండడంతో ఐస్ ప్యాక్ జారిపోతున్నా నాకు తెలియలేదు. పక్క కుర్చీలోని ఒక పెద్దావిడ దాన్ని అందుకుని, తన చేతిరుమాలులో చుట్టి, నా చెంపకు ఆనించి పట్టుకున్నారు. గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఉంచడం, పది నిమిషాలు తీయడం. ఈలోగా కుట్లు విప్పడానికి ఆవిడ పేరు పిలిచారు. "నా తర్వాతివాళ్లను పిలవండి, ఈ అమ్మాయిని కాస్త తేరుకోనివ్వండి" అన్నారు. రెండోసారి పిలిచినా కదలలేదు. నేను ఆవిడ వైపు చూస్తే, "పోయిన వారం నాకూ ఇలాగే వణికిందమ్మా, అప్పుడు నా పక్కన ఎవరూ లేరు" అన్నారు.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఏదో చెప్పబోతే, "మాట్లాడకు, కుట్లు లాగుతాయి" అని వారించారు. మావారు వచ్చేసరికి ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. నీలం అంచున్న ఆ చేతిరుమాలు నా దగ్గరే ఉండిపోయింది. ఉతికి, మడతపెట్టి నిన్న వెంట తీసుకువెళ్లాను గానీ ఆవిడ కనిపించలేదు. అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను. ఇది మీ కంటపడితే, ఆ రోజు నేను చెప్పబోయిన మాట ఇదేనని తెలుసుకోండి.

మావారికీ, అత్తయ్యగారికీ, పిల్లలకూ ధన్యవాదాలు.

ఒక్క విషయం మాత్రం బాధతో రాస్తున్నాను. పళ్లు తోముకుంటుంటే రక్తం వస్తోందని నాలుగేళ్లుగా రెండు చోట్ల చెప్పుకున్నాను. బ్రష్ మార్చమన్నారు, పైపైన శుభ్రం చేసి పంపారు. పాకెట్ల లోతు కొలిచినవారు ఒక్కరూ లేరు. గీతలున్న సన్నటి పరికరంతో కొద్ది నిమిషాల్లో అయ్యే పని అది. నొప్పే తెలియకుండా పంటిని పట్టి ఉంచే ఎముకను తినేసే చిగుళ్ల జబ్బు ఇదని తెలిసినవారే కొలవకపోతే, రోగికి ఎలా తెలుస్తుంది? పైగా ఇది దంతాల చికిత్స కాబట్టి వర్తించదని బీమా సంస్థ తిప్పి పంపింది. దంతాలు మాత్రం శరీరంలో భాగం కావా?

సర్జరీ చేసిన డాక్టరుగారిని ఇంతవరకూ ప్రస్తావించనే లేదు, క్షమించాలి. ప్రతి దశనూ ముందే చెప్పి చేశారు. సక్షన్ గొట్టం పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటుకు, పళ్లు తోమిన అరగంట తర్వాతే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పుక్కిలించాలని ఓపికగా చెప్పిన మందుల షాపు అబ్బాయికి, వారం రోజులు నా పని కూడా తన నెత్తిన వేసుకున్న సహోద్యోగికి కూడా కృతజ్ఞతలు. అన్నట్టు, రాత్రి కుట్ల మీద అంటించిన ప్యాక్ ఊడిందని భయపడి ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడిన రిసెప్షన్ అమ్మాయికి కూడా.