వాన వెలిసిన మర్నాడే పాండవుల గుట్టలెక్కొద్దు

అయ్యా,

వానలు పడగానే భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకు, బండలెక్కడానికి తాళ్లు పట్టుకుని వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. అక్కడిది ఇసుకరాయి. రేణువులను పట్టి ఉంచే పదార్థం తడిస్తే మెత్తబడుతుంది. పైకి ఆరినట్టే కనిపించినా, పట్టుకున్న అంచు ఊడి చేతిలోకి వస్తుంది. కనీసం రెండు మూడు రోజులు ఆగాలి. బండ మొదట్లో జానెడు లోతు మట్టి తీసి పిడికిట నొక్కి చూడండి. ముద్దయిందంటే ఆ రోజు బండ ఎక్కొద్దు.

తాడును రాతిలో దిగ్గొట్టిన ఒక్క బోల్టుకో ఒక్క చెట్టుకో కట్టొద్దు, వేర్వేరుగా రెండు ఆధారాలుండాలి. అంచున ఒరుసుకునే చోట మందపాటి గోనెపట్టా వేయకపోతే ఇసుకరాయి ఆకురాయిలా తాడును కోరేస్తుంది. తేనెపట్టు కనిపిస్తే అత్తరు, పొగ, అరుపులు కూడదు.

అన్నిటికన్నా కడుపు తరుక్కుపోయేది, ఫొటోలో బాగా పడాలని ఆదిమానవుల ఎర్రరంగు బొమ్మల మీద నీళ్లు చల్లడం. రాతిలోకి ఇంకిన నీరు ఆరేటప్పుడు లవణాలను పైకి తెస్తుంది, రంగు పొరలుగా రాలుతుంది. వేలితో తాకినా చేటే.

చివరి వాన పడిన తేదీ రాసే బోర్డును గుట్టల మొదట్లో పెట్టించాలని అటవీ శాఖను కోరుతున్నాం.

– కొందరు పర్వతారోహకులు, హనుమకొండ