గుండెపోటు పరిశోధనపై ఆ శీర్షిక సరికాదు

సంపాదకులకు నమస్కారం.

తీవ్రమైన గుండెపోటు రోగులపై జరిగే పరిశోధనల గురించి మీరు వేసిన కథనానికి ‘రోగులే ఎలుకలా?’ అని శీర్షిక పెట్టారు. లోపలి కథనం నిదానంగానే ఉంది, మంటంతా శీర్షికదే. నేను గుండె జబ్బుల ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటివి చదివి, పరిశోధనలో చేరడానికి ఒప్పుకుంటూ సంతకం చేసే కన్సెంట్ ఫారం చూడగానే హడలిపోయే కొడుకుల్నీ కూతుళ్లనీ చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మీరు రాసింది మామూలు గుండెపోటు గురించి కాదు. గుండె కండరం చాలావరకు దెబ్బతిని, బీపీ నిలవక, కాళ్లూ చేతులూ చల్లబడి, మూత్రం తగ్గిపోయే స్థితి గురించి. కార్డియోజెనిక్ షాక్ అంటారు. మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంట్ వేసి తెరిచినా, ఇలాంటివారిలో దాదాపు సగం మంది నెల తిరక్కుండానే పోతారు. అంత ప్రమాదం ఎదురుగా ఉన్నప్పుడు ఏ డాక్టరుకూ చేతులు కట్టుకుని నిలబడబుద్ధి కాదు. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

గుండెకు సాయంగా పెట్టే బెలూన్ పంప్ సంగతే చూడండి. తొడ దగ్గరి ధమనిలోంచి బెలూన్‌ను పైకి పంపి, గుండె సడలిన క్షణంలో హీలియంతో ఉబ్బించి, మళ్లీ కొట్టుకునే ముందు ముడుచుకునేలా చేస్తారు. 1960ల చివర్లో రోగులకు వాడటం మొదలైంది. మా వార్డులో దాని చప్పుడు లయ తప్పితే కునుకు తీస్తున్న ఆయా కూడా లేచి కూర్చునేది. మానిటర్ మీద గీత చక్కగా పైకి లేస్తుంటే మా అందరికీ ఎక్కడలేని ధైర్యం. చివరికి జర్మనీలో 600 మంది రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి చూశారు. 2012లో ఫలితం వచ్చింది. నెల రోజుల్లో చనిపోయినవారు బెలూన్ పెట్టిన జట్టులో 39.7 శాతం, పెట్టని జట్టులో 41.3 శాతం. ఆ తేడా లెక్కలోకి రాదు. అంటే నలభై ఏళ్లకు పైగా, పోలిక చూసుకోకుండా నమ్మకం మీదే వాడుతూ వచ్చాం. దాన్ని మాత్రం ఎవరూ ప్రయోగం అనలేదు!

రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ ఒంట్లోకి పంపే ఎక్మో యంత్రానిదీ దాదాపు ఇదే కథ. 2023లో వచ్చిన ఫలితంలో నెల రోజుల మరణాలు అది పెట్టినా పెట్టకపోయినా దగ్గరదగ్గరగా ఒకటే. పైగా పెట్టినవారిలో రక్తస్రావం ఎక్కువ.

ఇక గుండె ఎడమ గదిలోకే పంపి రక్తాన్ని తోడి పోసే చిన్న పంపు. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో పదేళ్లు ఓపిక పట్టి 355 మందిపై చేసిన పరిశోధన 2024లో వెలువడింది. ఆరు నెలల్లో మామూలు చికిత్స పొందినవారిలో 58.5 శాతం మంది చనిపోగా, పంపు కూడా పెట్టినవారిలో 45.8 శాతం. నిజంగానే మంచి వార్త. కానీ కాలికి రక్తం అందకపోవడం పంపు ఉన్నవారిలో 5.6 శాతం, లేనివారిలో 1.1 శాతం. డయాలిసిస్ అవసరం కూడా పెరిగింది. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నాక స్పృహలోకి రానివారిని అసలు చేర్చుకోనే లేదు. తొడలో గొట్టం ఉన్న రోగికి పాదం మీద నాడి దొరికే చోట పెన్నుతో గుర్తు పెట్టుకుని, గంట గంటకూ వేలు ఆనించి చూసేవాళ్లం. అక్కడ నాడి దొరక్కపోతే పుట్టే టెన్షన్ డ్యూటీలో ఉన్నవాళ్లకే తెలుసు. మీ కథనంలో ఈ కాలి సంగతి ఒక్క ముక్క లేదు.

‘ఫలానా వయసువారికి పనిచేయలేదు’ అన్న పెట్టె వార్త కూడా నాకు నచ్చలేదు. 1988లో గుండెపోటుకు ఆస్ప్రిన్ మేలు చేస్తుందని తేల్చిన పరిశోధనలో 17,187 మంది ఉన్నారు. అందులో మిథున, తులా రాశులవారిని విడదీసి చూస్తే మేలు కనబడలేదట. చిన్న చిన్న ముక్కలు చేస్తే ఏ లెక్కయినా వస్తుందని చూపించడానికే పరిశోధకులు దాన్ని కావాలని అచ్చువేశారు. రాశిఫలాల పేజీ మీకు ఎలాగూ ఉంది, ఆ వార్త అక్కడ వేసుకోవచ్చు.

సరిగా వివరించకుండా సంతకాలు తీసుకోవడం తప్పన్న విషయంలో మాత్రం మీ విలేకరితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. నడుస్తూ నడుస్తూనే ఫారం చేతిలో పెట్టి ‘ఇక్కడ, ఇక్కడ’ అని వేలు చూపించే డాక్టర్లను నేనూ చూశాను. అది తప్పే. ‘రెండు చికిత్సల్లో ఏది మంచిదో మాకింకా తెలియదు, అందుకే లాటరీ. మీరు వద్దన్నా వైద్యం ఆగదు. చేరాక కూడా మానుకోవచ్చు.’ ఈ మాటలు కూర్చుని చెప్పాలి, అర్థమైందో లేదో అడగాలి. పెద్ద డాక్టరు నోట ‘తెలియదు’ అని వింటే ఇంటివాళ్లకు కాళ్లు వణుకుతాయి. నా దృష్టిలో అలా అన్న డాక్టరే నమ్మదగినవాడు.

కొత్త చికిత్స గురించి ఇకముందు రాసేటప్పుడు ఎంతమందిపై చూశారు, దేనితో పోల్చారు, ఏ హాని జరిగింది, ఎవరిని వదిలేశారు అన్నవి కూడా వేయండి. పనిచేయదని తేలిన చికిత్సకూ మొదటి పేజీలో చోటివ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు