పండగ పూట పసిపిల్లల్ని కాస్త పడుకోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే మీ గుంటూరు జిల్లా పేజీ నిండా పండగకి ముందు జరిపే సెమీ క్రిస్మస్ ఫొటోలే. నాయకులు కేకు కోయడం, చర్చిలకి లైట్లు, స్కూళ్లలో పిల్లలకి దేవదూతల రెక్కలు కట్టి వరసగా నిలబెట్టడం. అవన్నీ వేయండి, నేనూ ఇష్టంగా చూస్తాను. కానీ పండగలో ముప్పాతిక వంతు ఇళ్లలోనే జరుగుతుంది కదండీ. రెండు బెడ్‌రూముల ఇంట్లో పద్నాలుగు మంది చుట్టాలు, వాళ్ల మధ్య ముగ్గురు నలుగురు చిన్నపిల్లలు, ఒక్కటే బాత్‌రూము. ఆ క్రిస్మస్ గురించి ఎవరూ రాయడం లేదని నేను రాస్తున్నాను, కాస్త పెద్దదయ్యింది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

చెప్పదలచుకుంది ఒకటే. ఇంట్లో ఐదారేళ్లలోపు పిల్లలు ఉంటే ఆ ఇంట్లో పండగ వాళ్ల నిద్రని బట్టి, వాళ్ల ఆకలిని బట్టి జరగాలి. వచ్చే చుట్టాలు, ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్లు, చర్చి ప్రోగ్రాములు పెట్టేవాళ్లు, అందరూ దానికి సర్దుకోవాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది, అందరికీ సర్దుకునేది రెండేళ్ల పిల్లాడు ఒక్కడే.

మాకు ఇద్దరు. పెద్దది పాప, ఏడేళ్లు. చిన్నవాడికి మూడో ఏడు నడుస్తోంది. పోయినేడు కాదు, అంతకు ముందేడు క్రిస్మస్‌కి వాడు ఎనిమిది నెలల పిల్లాడు. 23 రాత్రి ఒంటిగంటన్నరకి మా సందులోకి కేరల్స్ వచ్చింది, ట్రాలీ ఆటో మీద జనరేటర్, డ్రమ్స్, రెండు పెద్ద స్పీకర్లు. ఉలిక్కిపడి లేచినవాడు మూడింటిదాకా ఏడుస్తూనే ఉన్నాడు, భుజాన వేసుకుని మేడ మీద తిరుగుతుంటే మంచు, చలి. మర్నాడు రాత్రి చర్చి పదకొండింటికి మొదలై ఇల్లు చేరేసరికి రెండు దాటింది. మళ్లీ పొద్దున ఐదింటికి పిల్లల్ని లేపి తలంటి, కొత్త బట్టలు తొడిగి ఎనిమిదింటి ఆరాధనకి తీసుకెళ్లాం. మధ్యాహ్నానికి తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి, హైదరాబాద్ నుంచి చుట్టాలందరూ దిగారు. ఈ మొత్తంలో పాప తిన్నది రెండు ఇడ్లీలు, తలా ఒకరు నోట్లో కుక్కిన కేకు ముక్కలు.

భోజనాలయ్యాక దాన్ని కుర్చీ ఎక్కించి, సండే స్కూల్లో నేర్పిన కంఠత వాక్యం చెప్పమన్నారు. మెడ దగ్గర గుచ్చుకునే నెట్టు గౌను, నిద్ర లేని కళ్లు, చుట్టూ పది ఫోన్లు. సగంలో మర్చిపోయింది. ఒకాయన పెద్దగా నవ్వారు, ఇంకొకరు మా వాడైతే అధ్యాయం మొత్తం అప్పజెప్తాడు అన్నారు. నేను పక్కనే ఉండి కూడా, నిజం చెప్తున్నాను, కుర్చీ దిగమని అనలేదు, ‘చెప్పమ్మా, చెప్పు, నీకొచ్చుగా’ అన్నాను. కాసేపటికి పాప కనిపించలేదు. ఇల్లంతా, మేడంతా, సందు చివరిదాకా పావుగంట వెతికాం. చివరికి మంచం కింద దొరికింది, చేతిలో సగం తిన్న కజ్జికాయతో నిద్రపోయి ఉంది. ఆ రాత్రి దానికి జ్వరం, రెండో రోజు చంటివాడికి జలుబు.

అది అక్కడితో పోయినా నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మరుసటి ఏడు నవంబర్‌లో అటక మీంచి స్టార్ దించుతుంటే ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, ‘అమ్మా, ఈసారి క్రిస్మస్‌కి చుట్టాలు రాకపోతే బాగుంటుంది కదా’ అంది. మా ఇంట్లో పుట్టిన పిల్ల ఆ మాట అనడం నేను తట్టుకోలేకపోయాను. చుట్టాలు లేకుండా మాకు క్రిస్మస్ ఎక్కడిది? నా చిన్నప్పుడు చాపలు చాలక గోనెసంచుల మీద దుప్పట్లు పరుచుకుని, పదిమంది పిల్లలం ఒకే వరసలో పడుకునేవాళ్లం, ఆ వరసలో మాకు దొరికిన సంతోషం నా పిల్లలకి ఎందుకు దొరకడం లేదా అని ఆలోచించాను.

ఆలోచిస్తే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు. డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చి, ఇక్కడి ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం చేసి, 1898లో ఆ ఆసుపత్రి తెరిచిన సంగతి మన ఊరివాళ్లకి కొత్త కాదు. అక్కడ కాన్పుల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి కావడంతో పసిపిల్లల విషయంలో అమ్మమ్మ ఎవరి మాటా వినేది కాదు. పండగైనా సరే ఎనిమిదింటికల్లా పిల్లలు పడుకోవాలి. 24 రాత్రి పెద్దవాళ్లలో ఒకరు వంతులవారీగా పిల్లల దగ్గర ఉండిపోవాలి, మిగతావాళ్లే చర్చికి. ఎవరొచ్చినా ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవాలి, జలుబున్నవాళ్లు చంటిబిడ్డని ఎత్తుకోవడానికి లేదు. ముద్దు పెట్టుకుంటామంటే పాదాల మీద పెట్టుకోండి అనేది. వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. మా తరం అన్నీ చదువుకున్నాం, ఫోన్లో చూసి అన్నీ తెలుసుకుంటాం, కానీ మొహమాటం దగ్గర ఓడిపోతున్నాం. బిడ్డకి జలుబు అంటుకుంటుందని తెలిసీ, వచ్చిన చుట్టం ఎత్తుకుంటానంటే కాదనలేక అందిస్తాం.

అందుకని పోయినేడు నవంబర్ చివర్లో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. పెట్టేముందు మా ఆయనా నేనూ రెండు రోజులు చర్చించుకున్నాం, చాలా టెన్షన్ పడ్డాను. అందరూ తప్పకుండా రండి, పిల్లలు మీ కోసం చూస్తుంటారు అని మొదలుపెట్టి, వీలైతే 25 పొద్దున కాకుండా 23కే వచ్చేయండి అని రాశాను. హైదరాబాద్ వాళ్లని రాత్రంతా బస్సులో కాకుండా పిల్లలతో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ రైల్లో రమ్మన్నాను. (ఇది అందరికీ పనికొస్తుందని చెప్తున్నాను, 2024 నవంబర్ నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 24కి టికెట్ కావాలంటే అక్టోబర్ 25నే చూసుకోవాలి.) మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడింటి దాకా లోపలి గది పిల్లల నిద్రకి, అక్కడ టీవీ లేదు, మాటలు లేవు. ఎవరినీ కుర్చీ ఎక్కించి పాడమనొద్దు, చెప్పమనొద్దు, వాళ్లంతట వాళ్లు పాడితే విందాం.

మా ఆయన మేనత్తగారికి కోపం వచ్చింది. పెద్దావిడ, తెనాలిలో ఉంటారు, ఈ కుటుంబంలో అందరి పిల్లలకీ నీళ్లు పోసిన చేతులు ఆవిడవి. ఫోన్ చేసి, ‘ఏమ్మా, మేం పిల్లల్ని పెంచలేదా, మాకు టైమ్‌టేబుల్ ఇస్తున్నావా’ అన్నారు. ‘మీరు పెంచినట్టే పెంచాలనుకుంటున్నాను అత్తయ్యగారూ, మీ రోజుల్లో రాత్రి రెండింటిదాకా పిల్లల్ని మేలుకొలిపి ఉంచేవారా’ అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, ఫోన్ పెట్టేశారు. వారం రోజులు మాట లేదు. 23 మధ్యాహ్నం అందరికంటే ముందు ఆవిడే వచ్చారు, ఒక స్టీలు డబ్బా నిండా అరిసెలు, ఒక చిన్న మూట పట్టుకుని.

ఆ మూట సంగతి చెప్పాలి. పిల్లల చేత యేసు పుట్టిన పశువుల పాక కట్టిస్తున్నాం, కొనుక్కొచ్చిన సెట్టు కాదు, చెప్పుల పెట్టె, మా పనమ్మాయి వాళ్ల ఊరినుంచి తెచ్చిన గుప్పెడు వరిగడ్డి, మట్టి బొమ్మలు. చర్చిల్లో, ఇళ్లలో పెట్టుకునే ఈ పశువుల పాకకి మూలం 1223లో ఇటలీలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే భక్తుడు నిజం ఎద్దుని, నిజం గాడిదని, గడ్డి తొట్టిని పెట్టి జనానికి చూపించడమే. చదువు రానివాళ్లకి కూడా కళ్లకి కట్టాలని. మా చిన్నవాడికీ చదువు రాదు కదా, వాడికి ఆ గడ్డే సువార్త. అంతలో పాప, పొత్తిగుడ్డలు అంటే ఏంటి నాయనమ్మా అని ఆవిడని అడిగింది. పసివాడైన యేసుని వాటితో చుట్టారని ప్రతి క్రిస్మస్‌కీ చర్చిలో వినే మాటే, నేనెప్పుడూ దానికి విడమర్చి చెప్పలేదు. ఆవిడ మూట విప్పారు. లోపల ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర. మా చిన్న ఆడపడుచుకి నెలలు నిండుతున్నాయని ఆవిడ కోసం తెచ్చారు. దాంట్లోంచి జానెడు ముక్క చింపి, పాప బొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని, చేతులు లోపలికి మడిచి ఎలా చుట్టాలో చూపించారు. ‘మీ నాన్నని కూడా ఇలాగే చుట్టాం’ అన్నారు. పిల్లలు నలుగురూ ఆవిడ చుట్టూ కూర్చుని గంటసేపు కదల్లేదు, ఒక్కొక్కరూ ఒక్కో ముక్క తీసుకుని చుట్టడమే, విప్పడమే. అప్పుడు ఏ ఫోనూ ఎవరూ తియ్యలేదు, దానికి నాకు బాధ లేదు.

చుట్టాలు వచ్చినప్పుడు పిల్లలకి కావలసింది పని అని అప్పుడు అర్థమైంది. కజ్జికాయలకి అంచులు నొక్కడం పిల్లలకిచ్చాం, వంకరగా వచ్చాయి, కొన్ని నూనెలో విడిపోయాయి, తిన్నాం. గులాబీ పువ్వులనే పిండివంట నూనెలో వేసే గుత్తి దగ్గరికి, అరిసెల మూకుడు దగ్గరికి మాత్రం రానివ్వలేదు, ఆ సమయంలో ఒక పెద్దమనిషి పిల్లలతో మేడ మీద ఉండాలన్నది మా ఒప్పందం. సాయంత్రం ఇరుగుపొరుగుకి ప్లేట్లు పంచే పని కూడా వాళ్లదే. ఎదురింటివాళ్లు ధనుర్మాసం నియమంగా ఉంటారు, వాళ్లకి గుడ్డు లేని కేకు విడిగా చేశాం, అది ఏ ప్లేటో పాప గుర్తుపెట్టుకుని జాగ్రత్తగా ఇచ్చి, చక్కెర పొంగలి గిన్నెతో తిరిగొచ్చింది. ఈ నెలలో మా సందులో ఒక గుమ్మం ముందు గొబ్బెమ్మలు, పక్క గుమ్మం పైన స్టార్ ఉంటాయి, ఆ రెండిళ్ల మధ్య పళ్లేలు మోసేది ఈ పిల్లలే.

బహుమతులు తెచ్చేవాళ్లకి ఒక మాట, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. లైట్లు వెలిగే టోపీలు, పాట వచ్చే కార్డులు, మెరిసే ఉంగరాలు ఈ నెలంతా బజారులో చవగ్గా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి బటన్ బ్యాటరీలు ఉంటాయి. బిళ్లంత బ్యాటరీ పిల్లాడు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు, అనుమానం వచ్చిన నిమిషమే ఆసుపత్రికి పరుగెత్తాలి. మూత స్క్రూతో బిగించి లేని బొమ్మ చిన్నపిల్లల ఇంటికి తేవొద్దు. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి, వేరుశెనగ గుళ్లు నాలుగైదేళ్లలోపు వాళ్ల చేతికివ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించొద్దు, ప్రేమతో పెట్టినా సరే.

మిషనరీ స్కూళ్లకి వారం రోజులు సెలవులు, మిగతా చాలా స్కూళ్లకి ఆ ఒక్కరోజే. మా చెల్లి పిల్లలు 25 రాత్రికే ప్రయాణం కట్టారు, 26న పరీక్షట. స్కూళ్లవాళ్లు ఆ ఒక్క పరీక్ష రెండు రోజులు జరిపితే ఎన్ని ఇళ్లకి మేలో. చర్చిల పెద్దలకి కూడా మనవి. మా చర్చిలో కొంతమంది తల్లులం కలిసి అడిగితే పాస్టర్ అయ్యగారు ఒప్పుకుని పిల్లల ప్రోగ్రాం రాత్రి తొమ్మిదికి కాకుండా సాయంత్రం నాలుగున్నరకి పెట్టించారు. ఆ సంవత్సరం గొర్రెల కాపరుల వేషం వేసిన పిల్లల్లో ఒక్కడూ స్టేజి మీద నిద్రపోలేదు. అడిగి చూడండి, కాదనరు.

ఇక కేరల్స్. వద్దని నేను ఎప్పటికీ అనను, కేరల్స్ రాని క్రిస్మస్ నాకు పండగలా ఉండదు. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, పండగలకి ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి పన్నెండు దాటడానికి లేదు. కానీ నేను అడిగేది నిబంధన చూపించి కాదు. మా సంఘం యవ్వనస్తులు మంచి పిల్లలు, వాళ్లలో సగం మందిని నేనే సండే స్కూల్లో కూర్చోబెట్టాను. చిన్నపిల్లలున్న ఇళ్లకి ముందు రండి, పెద్దవాళ్లే ఉండే ఇళ్లు తర్వాత పెట్టుకోండి, స్పీకర్లు ఆటోలోనే ఉంచి గిటారుతో, కంజీరతో పాడండి. ఈసారి మా ఇంటికి ఏడున్నర, ఎనిమిది మధ్యలో వస్తే పిల్లలు గేటు దగ్గరే నిలబడి ఉంటారు. చిన్నవాడు చప్పట్లు కొట్టడం నేర్చుకున్నాడు. అందరికీ వేడి టీ, తెనాలి అరిసెలు ఉంటాయి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
పట్టాభిపురం, గుంటూరు.