కేక ముందు వచ్చిందా, నవ్వు ముందు వచ్చిందా?

అమ్మలూ,

ఫోన్‌లో మాట్లాడుకున్నది నాకు సరిపోలేదు. నువ్వు లొకేషన్ చూడ్డానికి వెళ్ళాలని హడావిడిగా పెట్టేశావు, అందుకే ఇలా రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు చదువుకో. మీ ఫ్రెండ్స్ అయిదుగురూ తలా ఒక దెయ్యం కథ తీసి, అన్నీ కలిపి ఒకే సినిమాగా వదులుదామనుకున్నారు. ముందు అందరూ కూర్చుని ఆ అమెరికా సినిమా వీహెచ్ఎస్ చూశారు, చూశాక ఇద్దరు అదిరిపోయిందన్నారు, ఇద్దరు చెత్త అన్నారు, ఇప్పుడు ఎవరి మాట పట్టుకోవాలో తెలియక నీకు టెన్షన్. నువ్వు చెప్పాక ఆ సినిమా నేనూ చూశాను, మొదట ఒక్కణ్ణే, తర్వాత మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని. దాని మీద చూసినవాళ్ళు రాసినవి కూడా ఓపిగ్గా చదివాను. నాకు తోచింది చెబుతాను.

ముందు ఆ సినిమా సంగతి. ఎవరో తీసుకున్న వీడియోలు పాత క్యాసెట్లలో దొరికినట్టు చూపించే అయిదు భయం కథలు, వాటిని కలిపే కథ ఇంకొకటి. అది 2012 జనవరిలో సన్‌డాన్స్ సినిమా పండగలో మొదటిసారి వేశారు, అర్ధరాత్రి ఆటల వరసలో. ఆ పండగ జరిగిన పార్క్ సిటీ అనే ఊరు దాదాపు 7 వేల అడుగుల ఎత్తులో మంచులో ఉంటుంది, గాలి పల్చన. ఆ ఆటలో ఒకాయనకి ఒంట్లో బాగోక కళ్ళు తిరిగాయని, వైద్యసిబ్బందిని పిలవాల్సి వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అదే సినిమాని ఆ ఆగస్టు నుంచి జనం ఇళ్ళల్లో డబ్బు కట్టి చూశారు, అక్టోబరులో థియేటర్లకి వచ్చింది. ఇళ్ళల్లో చూసినవాళ్ళలో చాలామంది బోరు కొట్టిందని, మధ్యలో ఫోన్ చూసుకున్నామని చెప్పారు. ఒకే బొమ్మ, ఒకే శబ్దం, ఒకచోట మనిషి పడిపోయాడు, ఇంకోచోట ఆవలించాడు. కాబట్టి మీవాళ్ళు రెండుగా చీలిపోవడంలో వింతేమీ లేదు. ఎవరు ఎక్కడ కూర్చుని, ఎవరి పక్కన కూర్చుని చూశారన్నది కూడా సినిమాలో భాగమే. మీరు లాప్‌టాప్‌లో చూశారా, లైట్లు ఆర్పారా, మధ్యలో బిర్యానీ వచ్చిందా? అది చెప్పకుండా బాగుంది, బాగోలేదు అన్న మాటకి విలువ లేదు.

నేను సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేసినన్నాళ్ళూ తెర కంటే హాలునే ఎక్కువ చూశాను. మిషన్ మీద రీలు ఎక్కించాక ఇరవై నిమిషాల దాకా వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు సరిచూసుకోవడం తప్ప పెద్ద పనుండదు, ఆ చిన్న కిటికీలోంచి జనం తలకాయలు కనిపిస్తూ ఉంటాయి. 1992లో రామ్ గోపాల్ వర్మ దెయ్యం సినిమా 'రాత్రి' వచ్చినప్పుడు సెకండ్ షోలో గమనించాను. భయం వచ్చే ముందు కుర్చీల కిర్రుకిర్రులు, వేరుశెనక్కాయల పొట్లాల చప్పుడు, దగ్గులు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అసలు భయం అక్కడే ఉంది. తర్వాత వచ్చే కేకా, దాని వెనకే వచ్చే నవ్వూ, ఈలలూ అన్నీ ఊపిరి తిరిగి తీసుకోవడమే. నేల టికెట్లవాళ్ళు నవ్వితే చాలు, బొమ్మ పోయిందని మా మేనేజరు కంగారుపడేవాడు. ఆ నవ్వు ఎప్పుడు వచ్చిందో చూడండి సార్ అనేవాణ్ణి. కేక అయ్యాక వచ్చిందంటే జనం మన చేతిలో ఉన్నట్టు. కేక రావాల్సిన చోట నవ్వే వచ్చిందంటే అక్కడ పోయినట్టు. ఇంటికెళ్తూ అదే మనిషి "ఏముందిరా ఇందులో" అంటాడు, అది నేను లెక్కపెట్టను, భయపడ్డానని ఒప్పుకోవడం మగపిల్లలకి మరీ కష్టం. హాల్లో అతని ఒళ్ళు ఏం చేసిందన్నదే నాకు సాక్ష్యం.

ఆ లెక్కన వీహెచ్ఎస్ మీద జనం అన్నవి మళ్ళీ చదువు, వేరేగా కనిపిస్తుంది.

రెండో కథ సంగతి తీసుకో, టై వెస్ట్ తీసింది, కొత్త జంట కారేసుకుని తిరిగే కథ. ఎక్కువమంది ఏమన్నారు? నత్తనడక అన్నారు, చివరిదాకా ఏమీ జరగదన్నారు. కానీ తిట్టినవాళ్ళు కూడా మర్చిపోకుండా చెప్పేది ఒకటుంది: రాత్రి మొగుడూ పెళ్ళాం నిద్రపోతుండగా ఎవరో గదిలోకి వచ్చి, వాళ్ళ కెమెరానే తీసుకుని వాళ్ళని వీడియో తీస్తారు, చాకు చూపిస్తారు, ఆ తర్వాత మొగుడి పళ్ళు తోముకునే బ్రష్ తీసుకెళ్ళి టాయిలెట్‌లో ముంచి మళ్ళీ ఎప్పట్లాగే పెట్టేస్తారు. తెల్లారి అతను దాంతోనే తోముకుంటాడు. అంతే, రక్తం లేదు, దెయ్యం లేదు. మీ అమ్మ అక్కడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సినిమా అయిపోయాక నీకు ఏ కథ నచ్చిందే అని అడిగితే చివరిది అంది, ఈ కథ పేరే ఎత్తలేదు. మర్నాడు పొద్దున మాత్రం బాత్రూంలో బ్రష్ పట్టుకుని దాన్ని కాసేపు చూసి, కడిగి, మళ్ళీ కడిగింది. ఇప్పుడు చెప్పు, ఆమెకి ఆ కథ నచ్చలేదా? మీ అయిదుగురిలో దీన్ని చెత్త అన్న అబ్బాయిని ఈ ఒక్క ముక్క అడిగి చూడు, గుర్తుందో లేదో.

కెమెరా ఊగిసలాట గురించి కూడా చాలా గొడవ ఉంది. తలనొప్పి వచ్చింది, వాంతి వచ్చేలా ఉందని ఒకరు, అదే నిజంలా ఉందని ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది ఒకే విషయం అనుకుంటున్నాను. చూసేవాడి మనసులో ఒక ప్రశ్న నడుస్తూ ఉంటుంది: ప్రాణం మీదికి వస్తుంటే వీడు ఇంకా కెమెరా ఎందుకు పట్టుకున్నాడు? దానికి జవాబు ఉన్నచోట ఊగినా భరిస్తారు. డేవిడ్ బ్రక్‌నర్ తీసిన మొదటి కథలో కెమెరా కళ్ళజోడులో ఉంటుంది, పారిపోతూ కళ్ళజోడు తీసి పారేయరు కదా, సరిపోయింది. చివరి కథలో 1998 హాలోవీన్ పార్టీకి ఎలుగుబంటి వేషం కట్టుకున్నవాడి వేషంలోనే కెమెరా ఉంటుంది, అదీ సరిపోయింది. అడివిలో పరుగెత్తే కథలో ఆ జవాబు అంత గట్టిగా లేదు, అక్కడే విసుగు మొదలైంది. అయితే అందులో హంతకుడు మనిషిలా కనిపించకుండా టేపు చెడిపోయినప్పుడు వచ్చే గీతల్లా కనిపిస్తాడు, ఆ ఊహ నాకు భలే నచ్చింది. మీ ఇంట్లో పెళ్ళి క్యాసెట్లు చూసి పెరిగినవాళ్ళకి ఆ గీతలు తెలుసు. ఇంకోటి వీడియో కాల్‌లో నడిచే కథ, దాన్ని పట్టుకుని "కంప్యూటర్ కాల్ క్యాసెట్‌లోకి ఎలా వచ్చింది" అని అడిగినవాళ్ళు చాలామంది. న్యాయమైన ప్రశ్నే. కానీ అలాంటి ప్రశ్న సినిమా నడుస్తుండగా వచ్చిందంటే అప్పటికే భయం వదిలేసిందన్నమాట, లోపం ఆ లాజిక్‌లో కంటే అంతకుముందు రెండు నిమిషాల్లో వెతకాలి.

ఇక నీకు తప్పక చెప్పాల్సింది ఒకటుంది. ఆ సినిమా చూసిన ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు కూడా, ఒక కంప్లయింట్ గట్టిగా చెప్పారు. ఆడపిల్లల్ని వాళ్ళకి తెలియకుండా వీడియో తీసే కుర్రాళ్ళే అందులో మనకి కళ్ళు, గంటల తరబడి వాళ్ళ వెకిలితనం మనం భరించాలి అని. కాదు, వాళ్ళకి శిక్ష పడిందిగా అని ఇంకొందరి వాదన, మొదటి కథలో అమ్మాయి ఆ కుర్రాళ్ళ మీదే తిరగబడి చంపడం చూసి చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు. నేను కంప్లయింట్ చేసినవాళ్ళ పక్షం. చివర్లో శిక్ష పడినంత మాత్రాన అప్పటిదాకా కెమెరా చేసింది చెరిగిపోదు. నీ కథలోనూ హాస్టల్ గదిలో దాచిన కెమెరా ఉందని చెప్పావు. ఆ కెమెరా ఎవరిది, మనం ఎవరి కళ్ళతో చూస్తున్నాం, ఆ గదిలో ఉన్న అమ్మాయి ఒక్కసారైనా మనవైపు తిరిగి చూస్తుందా? ఇది నువ్వు ఒక్కదానివే తేల్చుకోవాల్సిన విషయం, ఆ నలుగురికీ వదలొద్దు. నటించే అమ్మాయికి ముందే ప్రతి షాటూ చెప్పి, ఆమె వద్దన్నది తీసెయ్యి.

కథల వరస గురించి మీలో మీకు గొడవ రాబోతోంది, ఇప్పుడే చెబుతున్నాను. ఇలాంటి సినిమా చూసిన ప్రతివాడూ బయటికొచ్చి మార్కులు వేస్తాడు: మొదటిది ఓకే, మూడోది వేస్ట్, అయిదోది కేక. దాన్ని ఎవరూ ఆపలేరు. రామ్ గోపాల్ వర్మ నిర్మించిన హిందీ సినిమా 'డర్నా మనా హై' 2003లో వచ్చింది, ఆరు కథలు, పేరున్న నటులు బోలెడుమంది, అయినా ఇప్పటికీ ఆ సినిమా మాట వస్తే మనవాళ్ళు ముందు "ఆ యాపిల్ పళ్ళ కథ" అనే అంటారు. వీహెచ్ఎస్‌లోనూ ఎక్కువమంది మెచ్చుకునేవి మొదటి కథా, చివరి కథా. ఆ చివరిది తీసిన రేడియో సైలెన్స్ అనే బృందం కుర్రాళ్ళలో ఇద్దరు పదేళ్ళకి 2022 'స్క్రీమ్' అనే భయం సినిమా తీశారు, మొదటిది తీసిన బ్రక్‌నర్ అదే ఏడాది 'హెల్‌రైజర్' అనే ఇంకో భయం సినిమా తీశాడు. నీ కథ మధ్యలో పడితే బాధపడకు, కానీ నిద్రపుచ్చే కథ ఎవరిదో నిజాయితీగా చెప్పుకుని దాన్ని మధ్యలో వేసి చిన్నది చెయ్యండి. వీహెచ్ఎస్ నిడివి దగ్గర దగ్గర రెండు గంటలు, అలిసిపోయామన్న మాట చాలామంది నోట వచ్చింది. మీరు కథకి పద్దెనిమిది నిమిషాలు మించకండి, గంటన్నరలో తేలిపోతుంది. కథల్ని కలిపే కథ ఒకటి పెడతామన్నావు, వీహెచ్ఎస్‌లో అది చివరి కథకి ముందే అయిపోతుంది, దాంతో చివర్లో ఇల్లు చేరినట్టు ఉండదు. పెడితే చివరిదాకా నడపండి, లేకపోతే అసలు వద్దు.

శబ్దం దగ్గర పొదుపు చేయొద్దు. 'రాత్రి'లో సగం భయం మణిశర్మ నేపథ్య సంగీతానిదే, ఖాళీ గుమ్మం చూపించినా జనం బిగుసుకుపోయేవాళ్ళు. మీది దొరికిన వీడియో పద్ధతి కాబట్టి సంగీతం ఉండదు, అంటే నీ చేతిలో ఫ్యాన్ చప్పుడు, ఫ్రిజ్ గురగుర, పక్క గదిలో టీవీ, ఇవే మిగిలాయి. డబ్బు తక్కువైతే లైట్లలో తగ్గించు, చీకటి ఎలాగూ ఖర్చు లేనిదే. మైకు మాత్రం మంచిది అద్దెకి తీసుకో, అవసరమైతే నేను పంపిస్తాను, అడగడానికి మొహమాటపడకు.

ఎడిటింగ్ అయ్యాక ముందు మీ సినిమావాళ్ళకి చూపించకండి. వాళ్ళు షాట్లు చూస్తారు. మీ హాస్టల్ వంటావిడ, జిరాక్స్ షాపబ్బాయి, వాళ్ళింట్లోవాళ్ళు, ఇలా ఓ పదిమందిని కూర్చోబెట్టు. నువ్వు తెరవైపు చూడొద్దు, పక్కన గోడకానుకుని వాళ్ళ మొహాలు, చేతులు చూడు. ఎవరు ఎప్పుడు ఫోన్ తీశారు, ఎవరు కాళ్ళు పైకి ముడుచుకున్నారు, ఎక్కడ నవ్వారు, నిమిషంతో సహా రాసుకో. అయ్యాక ఎలా ఉంది అని అడగొద్దు, టీ ఇచ్చి పంపించు. రెండు రోజులాగి ఏం గుర్తుందో అడుగు. నీ కథలోది ఒక్కటి గుర్తున్నా, ఆ ఒక్కదాని చుట్టూ మళ్ళీ ఎడిట్ చేసుకో.

రఫ్ కట్, అదే మొదటి ఎడిట్, రాగానే నాకు బొమ్మ లేకుండా శబ్దం ఒక్కటే ముందు పంపించు. అటక మీదున్న పెద్ద స్పీకర్లు దింపి తుడిపిస్తున్నాను. మీ అమ్మ కూడా వింటానంటోంది, కాకపోతే పగలే పెట్టాలట.

నాన్న