తొమ్మిది కురిడీలు, ఒక చెత్తడబ్బా: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కవిటి మండలం నుంచి ఒక కొబ్బరి రైతు రాసుకుంటున్న ఉత్తరం ఇది. ఎండు కొబ్బరి లాంటివి విమానం ఎక్కనివ్వరన్న సంగతి మాకు ముందే తెలుగులో చెప్పండని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ఇంగ్లిషులో ఒక మెసేజి వచ్చింది. మా తమ్ముడి కొడుకు చదివి, "పెదనాన్నా, నీ ఫిర్యాదు పరిష్కారమైపోయిందట" అన్నాడు. ఏం పరిష్కరించారో అందులో లేదు. మూడోది ఏ బల్ల మీద ఉందో నాకు తెలీదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను, ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారని.

విమానంలో ఏ సామాను ఎక్కాలి, ఏది ఎక్కకూడదు అన్న నిబంధనలు మీకు నేను చెప్పాలా, మీ శాఖవే కదా. మాకే ఎవరూ చెప్పలేదు.

మా పెద్దమ్మాయి ముంబైలో ఉంటుంది. ఏడో నెల వచ్చాక డాక్టరమ్మ ప్రయాణాలు వద్దంది. పిల్ల రాలేకపోతే మనమే వెళ్లి సీమంతం చేద్దామంది మా ఆవిడ. మోకాళ్ల నొప్పులతో కోణార్క్ రైల్లో రెండు రాత్రులు కూర్చోలేదని అల్లుడు విమానం టికెట్లు తీశాడు. ఫోన్‌లో అతను చెప్పింది ఒక్కటే: "మావయ్యా, పెట్టె పదిహేను కేజీలు, చేతిసంచి ఏడు కేజీలు, దాటకూడదు." మేం దాటలేదు. బియ్యం తూచే కాటా మీద పెట్టి మరీ చూసుకున్నాం.

ఒడి నింపాలంటే కురిడీలు కావాలి. కురిడీ అంటే ఏమిటో మా జిల్లా ఎంపీ కూడా అయిన మీకు చెప్పక్కర్లేదు గానీ, ఢిల్లీలో ఈ ఉత్తరం చదివేవాళ్లుంటే వాళ్ల కోసం రాస్తున్నాను. పీచు తీయని కాయను అటకెక్కించి ఏడాదిపాటు దాని జోలికి పోకూడదు. లోపల నీళ్లు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలేస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గుడగుడమనాలి. అప్పుడు దించి, పీచు వలిచి, చిప్పను చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ గుండును నిండుగా బయటికి తీయాలి. పదింటిలో రెండు మూడు పగులుతాయి. పగిలినది ఒడిలో పెట్టరు. మా ఆవిడ రెండు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తొమ్మిది నిండు కురిడీలు తీసింది. పసుపు రాసి, ఆరబెట్టి, పాత తువ్వాల్లో చుట్టింది.

అవి ఏ చెట్ల కాయలో కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం ప్రాంతాన్ని తిరగేసి పోయింది. ముప్పై ఏళ్ల చెట్లు తెల్లారేసరికి నేల మీద పడి ఉన్నాయి. మరుసటి ఏడు పెట్టిన మొక్కలు కాపుకొచ్చింది ఈమధ్యనే. ఆ తొలి కాపులో ఏరి అటకెక్కించినవి ఇవి. అమ్మి డబ్బు చేసుకుందామని కాదు, మొదటి మనవడో మనవరాలో వస్తున్నప్పుడు కూతురి ఒడిలో వేద్దామని.

విమానాశ్రయం పేరు రాయను, విమానం కంపెనీ పేరూ రాయను. కౌంటరులో పెట్టె తీసుకున్నారు. ఆ అమ్మాయి ఒక బొమ్మల అట్ట చూపించి గబగబా ఏదో అడిగింది. బొమ్మల్లో బాంబు, గ్యాసు బండ, అగ్గిపుల్ల కనిపించాయి. అవి మా దగ్గర లేవు కాబట్టి లేవని తలూపాను. కురిడీ బొమ్మ నాకు కనపడలేదు. తనిఖీ కూడా అయిపోయి కుర్చీల్లో కూర్చున్నాక మైకులో నా పేరు పిలిచారు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఏం తప్పు చేశామో తెలియని మనిషికి ఉండే టెన్షన్ ఎలాంటిదో మీకు తెలుసో లేదో.

పెట్టె తెరిపించారు. పైన పట్టుచీర, చీర కింద చలిమిడి డబ్బా, దాని కింద తువ్వాలు. "సూఖా నారియల్ అలౌడ్ నహీ" అన్నాడు కుర్రాడు, ఎండు కొబ్బరి ఎక్కనివ్వరట. మంచివాడే, గొంతు పెంచలేదు. చేతిసంచిలో పట్టుకెళ్తామని సైగ చేశాను. అదీ కుదరదన్నాడు. "ఒక్కటైనా ఒగ్గేయండి బాబూ, పిల్ల ఒడిలో ఎయ్యడానికి" అంది మా ఆవిడ. ఆ బాబుకి తెలుగు రాదు. వెనక వరస పెరుగుతోంది. పక్కనున్న డబ్బా చూపించాడు. అందులో ఎవరివో లైటర్లు ఉన్నాయి, వాటి మధ్య రెండు ఎండు కొబ్బరి చిప్పలు. అంటే మాకంటే ముందే మాలాంటివాళ్లు ఇంకెవరో వచ్చి వెళ్లారన్నమాట. మమ్మల్ని దింపిన మా తమ్ముడి కొడుకు అప్పటికే ఇంటిదారి పట్టాడు, ఇచ్చి పంపడానికి మనిషి లేడు. మా ఆవిడ వాటిని విసరలేదు. ఒక్కొక్కటీ వంగి పెట్టింది. మోకాళ్ల నొప్పుల మనిషి తొమ్మిదిసార్లు వంగింది మంత్రి గారూ, నేను లెక్కపెట్టాను.

నిబంధన తప్పని నేననడం లేదు. ఎండు కొబ్బరిలో అరవై శాతానికి పైన నూనే ఉంటుంది. అది గాలికి లోలోపల వేడెక్కుతుంది. కుప్పలో అయితే తనంతట తానే అంటుకోవచ్చు. ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో మా కొబ్బరికి 1363 అని నంబరు కూడా ఇచ్చారని తర్వాత తెలుసుకున్నాను. సరిగ్గా ఆరని కొబ్బరి కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగలడం మా ఊళ్లో పిల్లలకీ తెలుసు. ఆకాశంలో అలాంటి సరదాలు వద్దు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ముక్క టికెట్ కొన్ననాడు ఎందుకు చెప్పరు? పదిహేను కేజీలు దాటితే డబ్బు కట్టాలన్నది మాత్రం అందరికీ ఎలా తెలుస్తోంది?

తర్వాత అల్లుడు ఫోన్‌లో మిగతా జాబితా చదివి వినిపించాడు. పవర్ బ్యాంకు పెట్టెలో ఉండకూడదు, చేతిలోనే ఉండాలి. కత్తెర, చాకు చేతిలో ఉండకూడదు, పెట్టెలోనే ఉండాలి. కురిడీ ఎక్కడా ఉండకూడదు. డెబ్బై శాతానికి మించని మందు మాత్రం, సీలు తీయని సీసాల్లో, మనిషికి ఐదు లీటర్ల దాకా పెట్టెలో పెట్టుకోవచ్చట. అల్లుడు నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు.

2024 అక్టోబరులో శబరిమల స్వాములు ఇరుముడిలోని నెయ్యి కొబ్బరికాయను విమానంలో తమ వెంటే తీసుకెళ్లొచ్చని మీరే ప్రకటించారు. 2025 జనవరి 20 దాకా గడువిచ్చారు. ఎక్స్‌రే తీసి, పేలుడు పదార్థాల పరీక్ష చేసి, చేత్తో తడిమి చూసి పంపమన్నారు. చాలా సంతోషం. అది ఎండు కొబ్బరి కాదు, ఆ తేడా నాకూ తెలుసు. నేను చెప్పేదేమిటంటే, ఆ మాట ఊరూరా తెలిసింది. మంచి కబురుకి ఉన్న కాళ్లు ఇలాంటి కబురుకి ఎందుకు లేవు? మందస, వజ్రపుకొత్తూరు వైపు కూడా విమానాశ్రయం అంటున్నారు. కొబ్బరి తోటల నడుమ విమానాశ్రయం, దాని గుమ్మం దగ్గర కొబ్బరి పడేసే డబ్బా. బాగుంటుంది.

నా సంగతి పోనివ్వండి, తొమ్మిది కురిడీలతో పోయింది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లే కుర్రాళ్ల సంచుల్లో తల్లులు మసాలా పొడి కడతారు, అందులో గసగసాలుంటాయి. దుబాయిలో, సౌదీలో, ఖతార్‌లో గసగసాలు మత్తుపదార్థం కింద లెక్క. ఇక్కడ కిరాణా కొట్లో దొరికే దినుసుకి అక్కడ జైలు. దగ్గు మందు సీసాల్లోనూ అలాంటివున్నాయి. ఆ తల్లికి ఎవరు చెప్పాలి? వీసా ఏజెంటా?

మూడు అర్జీల్లో అడిగిందే మళ్లీ అడుగుతున్నాను. తెలుగులో చెప్పండి. టికెట్‌తోపాటే ఫోన్‌కి తెలుగులో పంపండి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సుల్లో బోర్డులు పెట్టండి, బొమ్మల్లో కురిడీ బొమ్మ కూడా వేయండి. తీసేసిన వస్తువును రెండు రోజులు దాచి, ఇంటివాళ్లు వస్తే ఇచ్చే ఏర్పాటు చేయండి, రుసుము కడతాం. తెలుగులో చెప్పండి చాలు, మిగతావి మీ వీలు.

సీమంతానికి ముంబైలో కొట్టు కురిడీలు కొన్నాం. ఏ ఊరివో తెలీదు. పేరంటాళ్లంతా బాగున్నాయన్నారు. మా ఆవిడ వాటిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడలేదు, చిప్ప తీసేసినవి కదా.

బారసాలకి మళ్లీ వెళ్లాలి. అటక మీద ఇంకో పాతిక కాయలున్నాయి. మీ దగ్గర్నుంచి జవాబు వస్తే సరే. లేకపోతే ఈసారి మా ఆవిడ మోకాళ్లకి పట్టీలు కట్టించి, పలాసలో కోణార్క్ ఎక్కిస్తాను.

ఇట్లు,
మీ నియోజకవర్గపు ఓటరు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా